బొట్టు వెనక పచ్చ దీపం

రెండువేల పంతొమ్మిది, ఎండాకాలం చివర. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్ నగర్ వైపు వెళ్ళే దారిలో ఒక బేకరీ పైన మా ఆఫీసు ఉండేది. పొద్దున పది దాటితే మెట్ల మీదికి పఫ్‌ల వాసన వచ్చేది, దాని వెనకే మాకు ఆకలి వచ్చేది. పదకొండు మందిమి. సినిమావాళ్ళకి వెబ్‌సైట్లు చేసిపెట్టేవాళ్ళం. నాతో చదివినవాళ్ళంతా హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఎక్కుతుంటే, రహమత్ నగర్లో మా ఇంటి నుంచి ఒక్క షేర్ ఆటోలో వచ్చిపడొచ్చని నేను ఇక్కడే ఉండిపోయాను.

నా పని టెస్టింగ్. డెవలపర్ కట్టిన పేజీ జనం చేతికి వెళ్ళకముందే దాన్ని పాడు చేయడానికి మేం శతవిధాలా ప్రయత్నిస్తాం. పాడైతే వెనక్కి పంపిస్తాం, కాకపోతే షీటులో 'పాస్' అని రాస్తాం. మా అమ్మ ఇరుగుపొరుగుకి ఇంకా తేలిగ్గా చెబుతుంది: "మా స్వరూప కంప్యూటర్ల తప్పులు ఏరుతది" అని, బియ్యంలో రాళ్ళు ఏరినట్టు. పదేళ్ళు ఏరాక నాకు కొంచెం పొగరు కూడా వచ్చింది. నేను ఏరకుండా వదిలేసిన రాయి గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను.

మా క్లయింట్ రత్నం గారు డబ్బింగ్ కోఆర్డినేటర్. తెలుగు రాని హీరోయిన్‌కి తెలుగు వచ్చిన గొంతు కావాలి కదా, ఆ గొంతుని వెతికి తెచ్చే మనిషి అన్నమాట. ఏ మొహానికి ఏ గొంతు అతుకుతుందో చెప్పడం, డబ్బింగ్ థియేటర్లో అద్దం ఇవతల కూర్చుని తెర మీది పెదాలూ ఈ గొంతూ కలిశాయో లేదో చూడటం ఆయన ముప్ఫై ఏళ్ళ పని. తెల్ల చొక్కా, గంధం బొట్టు, ఎవరినైనా అమ్మా, అండీ అని తప్ప పిలవని నోరు. ఆయన ఆఫీసు ఫిల్మ్ నగర్లో, మాకు కిలోమీటరు లోపే.

కొత్త గొంతులవాళ్ళు ఇంటి దగ్గరే కూర్చుని శాంపిల్ పంపుకునేలా ఒక సైటు కావాలన్నారు ఆయన. రికార్డు చేసే సరంజామా మేం తయారు చేయలేదు. వేరే కంపెనీది తీసుకుని రత్నం గారి పేజీలో ఫ్రేమ్‌గా పెట్టాం. ఫ్రేమ్ అంటే ఒక పేజీ గోడలో ఇంకొకరి పేజీకి కిటికీ పెట్టడం. చూసేవాళ్ళకి అంతా ఒకటే గోడ. బ్రౌజరుకి మాత్రం అది పరాయివాళ్ళదని తెలుసు, అందుకని మైకు గానీ కెమెరా గానీ దానికి ఊరికే ఇవ్వదు. పేజీ ఓనరు ఒక చిన్న లైను రాసి, ఈ ఫ్రేమ్‌కి నేను హామీ అంటేనే ఇస్తుంది. వాడేవాళ్ళని బ్రౌజర్ ఒకసారి అడుగుతుంది, అదీ ఓనరు పేరుతో. మనం రత్నం గారికి సరే అన్నామనుకుంటాం. రత్నం గారి ఇంట్లో కిరాయికున్నవాడి చేతికి కూడా తాళం వెళుతుంది.

ఆ రికార్డరు కంపెనీ ఇచ్చిన నమూనా లైనులో కెమెరా, మైకు అని రెండూ ఉన్నాయి. మా డెవలపర్ దాన్ని ఉన్నదున్నట్టు దించాడు. డబ్బింగ్‌కి గొంతు చాలు, కెమెరా ఎందుకని మాలో ఎవరమూ అడగలేదు. అడగడానికే నాకు జీతం.

సినిమావాళ్ళకి ముహూర్తం వేరు, పని మొదలవడం వేరు. మంచి రోజు చూసి దేవుడి పటాల మీద మొదటి షాట్ తీసి, కొబ్బరికాయ కొట్టి, స్వీట్లు తిని ఇళ్ళకు వెళ్ళిపోతారు. అసలు షూటింగ్ ఎన్ని నెలలకైనా కావచ్చు. సైటుకీ అదే పద్ధతి అన్నారు రత్నం గారు. ఒక శుక్రవారం పొద్దున పది నలభై రెండుకి ముహూర్తం, ఆషాఢం వెళ్ళాక శ్రావణంలో ఆర్టిస్టులకి అడ్రస్ ఇద్దామని. క్లాప్ బదులు మౌస్ క్లిక్. క్లిక్ కొట్టడానికి కామేశ్వరి గారిని పిలిచారు.

కామేశ్వరి గారి మొహం మీరెవరూ చూసి ఉండరు. గొంతు వినని తెలుగు ఇల్లు మాత్రం ఉండదు. పాతికేళ్ళుగా ఎందరో హీరోయిన్లు ఆవిడ గొంతుతోనే ప్రేమించారు, అలిగారు, ఏడ్చారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, జరీ అంచు నేత చీర, వెండి జుట్టు. నోరు తెరిస్తే పద్దెనిమిదేళ్ళ పిల్ల.

కొత్త లాప్‌టాప్ తెర మీద బ్రౌజర్ ప్రశ్న వచ్చింది. ఈ సైటుకి మీ కెమెరా, మైకు వాడుకోవడానికి అనుమతి కావాలట. అలో, బ్లాక్ అని రెండు బటన్లు. కామేశ్వరి గారు మౌస్ పట్టుకుని ఆగారు.

"ఇదేంటి రత్నం గారూ, కెమెరా అంటోంది? నా మొహంతో దీనికేం పని?"

అందరం నవ్వాం. రత్నం గారు గడియారం చూశారు.

"ముహూర్తం టైమండీ. శుభమా అని మొదలుపెడుతూ బ్లాక్ అనే మాట ముట్టుకోకూడదు. అలో కొట్టెయ్యండి."

ఆవిడ కొట్టేశారు. చప్పట్లు. ఆ గదిలో సరైన ప్రశ్న వేసింది కంప్యూటర్ రానావిడ ఒక్కరే. నేను నవ్వి, జేబులోంచి పెన్ను తీసి, పర్మిషన్ అడిగింది, పాస్ అని షీటులో రాసుకున్నాను.

తర్వాత లాప్‌టాప్‌కి బొట్టు పెట్టాలన్నారు. "ఆడపిల్లవి, నువ్వు పెట్టమ్మా" అని తడి కుంకుమ గిన్నె నా చేతికిచ్చారు రత్నం గారు. తెర పై అంచు మధ్యలో కెమెరా లెన్సు ఉంటుంది. దాని మీద పడకుండా జాగ్రత్తగా కొంచెం పక్కకి, నా వేలితో నిండుగా ఒక బొట్టు పెట్టాను. కెమెరా నడుస్తున్నప్పుడు వెలిగే పచ్చ దీపం సరిగ్గా అక్కడే ఉంటుందన్న సంగతి నాకు ఆ క్షణంలో తట్టలేదు.

ఆ లాప్‌టాప్‌నే ఆవిడకి శాలువాతో పాటు బహుమతిగా ఇచ్చారు. ఇంటిదాకా వెళ్ళి నెట్ కలిపి వచ్చింది నేనే. ఫిల్మ్ నగర్లో పాత అపార్ట్‌మెంటు, కింది వాటా, ఒక్క మనిషి. రత్నం గారు కోరినట్టు బ్రౌజర్ తెరిస్తే మొదట ఆయన సైటే వచ్చేలా కూడా పెట్టాను. నెల తిరక్కముందే కామేశ్వరి గారు రాజమండ్రిలో చెల్లెలి ఇంటికి వెళ్ళారని, శ్రావణం దాకా రారని, లాప్‌టాప్ అల్మారాలో పెట్టి తాళం వేశారని రత్నం గారే చెప్పారు. పేరున్న హీరోయిన్ సినిమా ఒకటి ఆవిడ గొంతు కోసం ఆగి ఉంది.

ఆషాఢం వచ్చింది. బోనాల డప్పులు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం రత్నం గారి ఆఫీసులో కంప్యూటర్ చూసే లావణ్య ఫోన్ చేసింది. యూసుఫ్‌గూడ పిల్ల, గట్టి మనిషి, దేనికీ గొంతు పెంచదు.

"అక్కా, జర నువ్వొకసారి రా. సైట్ల ఎవరిదో శాంపిల్ వచ్చింది."

"ఎవరికీ అడ్రసే ఇయ్యలేదు గదా, ఎట్లొస్తది?"

"గదే అక్కా నేను గూడ అంటున్న. నిన్న గూడ వచ్చిందంట, ఇయ్యాల మళ్ల వచ్చింది. నువ్వొచ్చి చూడు. నేను ఒక్కదాన్నే చూడ."

వెళ్ళాను. జాబితాలో పేరు లేకుండా రెండు రికార్డింగులున్నాయి, ఒక్కోటి మూడు నిమిషాలు. మొదటిది నొక్కాను.

చీకటి గది. తెర నిండా ఒక నోరు. కళ్ళు లేవు, ముక్కు లేదు. కింది పెదవి, పై పెదవి, గడ్డం, మెడకి చుట్టిన తెల్ల గుడ్డ. ఎక్కడి నుంచో వెలుగు ఆ చర్మం మీద పడి మారుతోంది, నీలం, తెలుపు, మళ్ళీ నీలం. ఎడమ అంచున ఎర్రటి మసక, పొగలాగా, కదలకుండా. ఆ నోరు మాట్లాడుతోంది. ఆగి, బతిమాలి, కోపం తెచ్చుకుని, నవ్వి, మళ్ళీ మాట్లాడుతోంది. శబ్దం లేదు.

మైకు పాడైందేమో అనుకుని సౌండు పెంచాను. మైకు బానే ఉంది. ఫ్యాను తిరుగుతోంది, ప్రతి చుట్టుకీ ఒకసారి టిక్కుమంటోంది. బయట ఎవరో ఉల్లిగడ్డల బండివాడు అరుస్తూ పోయాడు. అన్నీ వినిపిస్తున్నాయి. ఆ నోట్లోంచి మాత్రం ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. రెండో దాంట్లో ఆ పెదాలు ఏడ్చాయి. ఏడుపు శబ్దం లేకుండా ఒక నోరు ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. లావణ్య నా మోచెయ్యి పట్టుకుంది. బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే రకం నేను, దయ్యాలంటే మాత్రం ఎగతాళి. ఆ రోజు ఎగతాళి రాలేదు.

రత్నం గారు గుమ్మం దగ్గరే నిలబడ్డారు. తెర వైపు చూడలేదు, కళ్ళు మూసుకుని ఏదో స్తోత్రం చదువుకుంటున్నారు.

"డబ్బింగ్ చెబుతూ పోయినవాళ్ళెవరో అమ్మా. గొంతు ఇక్కడ వదిలేసి వెళ్ళారు, వెతుక్కుంటున్నారు" అన్నారు.

మర్నాటికి మానిటర్‌కి నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు. మూడు గంటలకి మూడో రికార్డింగు వచ్చింది.

ఆఫీసుకి వెళ్ళి నా పాత షీటు తీశాను. పర్మిషన్ అడిగింది, పాస్. మొదటిసారి అడిగింది, నిజమే. రెండోసారి? పేజీ తెరిచి, అలో నొక్కి, మూసేశాను. టీ తాగి వచ్చి మళ్ళీ తెరిచాను. ఏమీ అడగలేదు. నేనేమీ నొక్కలేదు. నా తెర పైన పచ్చ దీపం దానంతట అదే వెలిగింది. దాని వైపు అలాగే చూస్తూ కూర్చున్నాను. నాలుగు నిమిషాలకి లావణ్య ఫోన్.

"అక్కా, ఇప్పుడొకటి వచ్చింది. గిది నువ్వే."

విషయం అర్థమైంది. బ్రౌజర్ ఒకసారి విన్న 'సరే'ని గుర్తుపెట్టుకుంటుంది. రికార్డరేమో, అనుమతి ఉందంటే మనిషి సిద్ధంగా ఉన్నట్టే అనుకుని పేజీ తెరవగానే మొదలుపెట్టి, మూడు నిమిషాలకి ఆపి పంపేస్తుంది. మనం పక్కన వేరే ట్యాబ్ తెరుచుకుని పని చేసుకుంటున్నా సరే. కెమెరాని మాత్రం ఆ పేజీ మూసేదాకా వదలదు. అంటే ఆ నోరు ఎవరిదైనా, వాళ్ళు మనకి ఏమీ పంపడం లేదు. మనమే రోజూ వాళ్ళ గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నాం. దయ్యం అనుకున్నప్పటికంటే ఇప్పుడు ఎక్కువ భయం వేసింది.

రత్నం గారికి ఫోన్ చేసి ఇది దయ్యం కాదు, మా తప్పని, ఇప్పుడే ఆ ఫ్రేమ్ తీసేస్తానని చెప్పాను. ఆయన భయం ఈపాటికి వేరే రూపం ఎత్తింది.

"తీసెయ్యకండి. దయ్యాల సినిమా చేస్తున్న డైరెక్టర్ గారితో మాటల్లో చెప్పానండి, ఎగిరి గంతేశారు. శుక్రవారం వచ్చి చూస్తారట. నచ్చితే టీజర్లో పెట్టుకుంటారు. ఇంకో రెండు మూడు రానివ్వండి."

"సార్, ఎవరో మనిషి సార్ అది. తెలియకుండా తీస్తున్నం."

"ఎవరో తెలియనప్పుడు ఎవరికండీ నష్టం?"

క్లయింట్ మాట కదా అని ఊరుకున్నాను. అప్పుడే ఆపేయాల్సింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా దీనికి నా దగ్గర సాకు లేదు.

గురువారం పొద్దున ఆ మూడూ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చూశాను. ఎడమ అంచున ఎర్ర మసక మూడింటిలోనూ ఒకే చోట, ఒకే ఆకారంలో ఉంది. దీపం వెలుగు కాదు, గోడ రంగు కాదు. లెన్సుకి ఆనుకుని ఏదో ఉంది. గుండ్రంగా, ఒక పక్క కొంచెం జారినట్టు. వేలు తీసేటప్పుడు జారినట్టు. నా కుడి చూపుడు వేలు వైపు చూసుకున్నాను.

అది నేను పెట్టిన బొట్టు.

రత్నం గారికి చెప్పలేదు. తాళం వేసిన ఇంట్లో, అల్మారాలో ఉన్న లాప్‌టాప్ ముందు ఎవరు కూర్చుంటున్నారో నాకే తెలియదు. మధ్యాహ్నం మూడింటికి ఫిల్మ్ నగర్లో ఆ అపార్ట్‌మెంటు ముందు ఆటో దిగాను. కింది వాటా తలుపుకి తాళం వేలాడుతోంది. అయినా బెల్ కొట్టాను. వాచ్‌మన్ యాదయ్య కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"అమ్మ ఊర్ల లేదు మేడమ్. తాళం కనిపిస్తలేదా?"

"ఎప్పుడొస్తది?"

"నాకేం ఎరుక? మీరు పోండ్రి."

పొమ్మని చెప్పేటప్పుడు అతను నా మొహం వైపు చూడలేదు. ఇంకోసారి బెల్ కొట్టి, కాసేపు నిలబడ్డాను. అప్పుడు లావణ్య ఫోన్.

"అక్కా, ఇంకోటి వచ్చింది. గీసారి కొత్తగుంది. వినిపిస్తా, ఉండు."

ఫోన్ చెవికి ఆనించుకున్నాను. ఫ్యాను, టిక్కు, ఫ్యాను, టిక్కు. తర్వాత బెల్. తర్వాత దూరంగా, తలుపు అవతలి నుంచి, అమ్మ ఊర్ల లేదు మేడమ్, తాళం కనిపిస్తలేదా. ఎప్పుడొస్తది అని నా గొంతు.

"బెల్ మోగంగనే ఆ మూతి బిగుసుకుపోయింది అక్కా. గట్లనే ఉండిపోయింది, ఆఖరి దాంక" అంది లావణ్య.

వాచ్‌మన్ ఇంతగా దాస్తున్నాడంటే లోపల ఉన్నది ఆ ఇంటావిడే. ఆ నోరు నాకు పది అడుగుల దూరంలో ఉంది, నేను వెళ్ళిపోయానో లేదో అని వింటోంది. బ్యాగులోంచి కాగితం చించి రాశాను: కామేశ్వరి గారూ, నేను ముహూర్తం రోజు బొట్టు పెట్టిన అమ్మాయిని. మీ లాప్‌టాప్ కెమెరా నడుస్తోంది. దయచేసి మూత వేసేయండి. తప్పు మాది. తలుపు కిందినుంచి లోపలికి తోశాను.

చాలాసేపటికి వెనక వంటింటి తలుపు చప్పుడైంది. యాదయ్య తలొంచుకుని పక్కకి జరిగాడు.

కర్టెన్లు వేసిన గది. మంచం పక్క బల్ల మీద లాప్‌టాప్, మూత ఇంకా వేయలేదు, సగం వంచిన తెర మీద పాత సినిమా ఒకటి శబ్దం లేకుండా నడుస్తోంది. కామేశ్వరి గారు మెడకి తెల్ల గుడ్డ చుట్టుకుని ఉన్నారు. నన్ను కూర్చోమని చేత్తో చూపించి, నోట్‌బుక్ తీసి రాశారు.

గొంతు ఆపరేషన్ అయింది. గుసగుస కూడా వద్దన్నారు డాక్టరు. వస్తుందో రాదో చెప్పలేనన్నారు.

"రాజమండ్రి అని చెప్పారు కదమ్మా?"

ఆవిడ రాయడానికి కొంచెం టైము పట్టింది. గొంతు పోయిందని తెలిస్తే ఆ హీరోయిన్‌కి ఇంకొకరిని పెడతారు. జనం చెవులకి ఒకసారి కొత్త గొంతు అలవాటైతే పాతది మళ్ళీ రానివ్వరు. నేనూ అలా ఒకావిడ స్థానంలోకి వచ్చినదాన్నే. అందుకని ఈ వారమే లాప్‌టాప్ బయటికి తీసి, రోజూ పాత రీళ్ళు పెట్టుకుని పెదాలకి టైమింగ్ మర్చిపోకుండా చూసుకుంటున్నాను.

తర్వాత కింద ఒకే మాట రాసి నా వైపు తిప్పారు. ఎవరు చూశారు?

జరిగిందంతా చెప్పాను. కెమెరా లైను, అలో, రెండోసారి టెస్ట్ చేయకపోవడం, రేపు రాబోయే డైరెక్టర్, అన్నీ. నేను, లావణ్య చూశామని, రత్నం గారు భయపడి తెర వైపు చూడలేదని చెప్పాను. ఆవిడ పెన్ను మళ్ళీ కదిలింది. విన్నారా?

"వినడానికి ఏం లేదు కదమ్మా" అన్నాను.

అన్నాక తెలిసింది ఏమన్నానో. ఆవిడ కళ్ళు నా మీదే ఉన్నాయి, అందులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను మొహం దాచుకోవడానికి లేచి లాప్‌టాప్ దగ్గరికి వెళ్ళాను. రెండు నెలలైనా బొట్టు అలాగే ఉంది, ముహూర్తం బొట్టని ఆవిడ తుడవలేదు. చున్నీ కొస తడిపి తుడిచాను. పొడి కుంకుమ రాలింది. దాని కింద పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

కామేశ్వరి గారు దాన్ని చూసి వెనక్కి జరిగారు, గోడకి తగిలేదాకా. పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను మూత వేసేశాను. గదిలో ఫ్యాను చప్పుడొక్కటే మిగిలింది.

రత్నం గారికి చెప్పనని, అన్నీ తీసేస్తానని మాట ఇచ్చి వచ్చాను. ఆటోలోంచే డెవలపర్‌కి ఫోన్ చేసి ఆ ఫ్రేమ్ తీయించాను, క్లయింట్ ఏమనుకున్నా సరే అని.

శుక్రవారం పొద్దున డైరెక్టర్ గారి కంటే ముందే వెళ్ళాను. తప్పు మాది, ఆ మనిషి అనుమతి ఇవ్వలేదు, ఇవి ఎక్కడా చూపించకూడదు, ఇప్పుడే తీసేస్తున్నానని ఊపిరి తిప్పుకోకుండా చెప్పాను. రత్నం గారికి నచ్చలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"తీసేద్దురు గాని, ఒక్కసారి నన్నూ చూడనివ్వండి. మూడు రోజులుగా భయపడ్డది దేనికో తెలియాలి కదండీ."

ఆయన ఆఫీసు, ఆయన సైటు. కాదనడానికి నాకు నోరు రాలేదు. లావణ్య నిన్నటిదే నొక్కింది.

నేను తెర వైపు చూడలేదు, ఆయన వైపు చూశాను. కళ్ళద్దాలు సర్దుకున్నారు. ముందుకు వంగారు. కాసేపటికి ఆయన పెదాలు కూడా కదలడం మొదలుపెట్టాయి. తర్వాత మెల్లిగా, తెర మీది నోటికి అక్షరం తప్పకుండా కలుపుతూ పైకే అన్నారు.

"వెళ్ళేవాడివి దీపం ఆర్పేసి వెళ్ళు. చీకట్లో అయితే నేను గుమ్మం వైపు చూడను."

ఆ నోరు సినిమా మాటలు చెబుతోందని లావణ్యకి అప్పుడే తెలిసింది. తెరలో బెల్ మోగింది. పెదాలు ఆగిపోయాయి. అమ్మ ఊర్ల లేదు మేడమ్ అన్నాడు యాదయ్య. అతని గొంతు ఆ వీధిలో అందరికీ తెలుసు. రత్నం గారు చెయ్యి చాచి తెర ఆపేశారు.

కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ తుడుచుకున్నారు. నన్నేమీ అడగలేదు.

"అన్నీ తీసెయ్యమ్మా లావణ్యా. ఒక్కటి కూడా ఉంచకు" అన్నారు. డైరెక్టర్‌కి ఫోన్ చేసి, "ఆ క్లిప్పులు లేవండి. అవును, పాడైపోయాయి. లేదండీ, మళ్ళీ రావు" అని పెట్టేశారు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నారు.

"కామేశ్వరి గారు రాజమండ్రిలో ఉన్నారు కదా. గోదావరి గాలి మంచిది. ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ హీరోయిన్ సినిమాకి ఇంకో గొంతు టెస్ట్ చేయను. నిర్మాతతో నేను మాట్లాడుకుంటాను."

నిమ్మకాయ, మిరపకాయలు ఆయనే విప్పి పడేశారు.

సైటు మళ్ళీ కట్టాం. హామీ లైనులోంచి కెమెరా అనే మాట తీసేశాం. మనిషి తన చేత్తో బటన్ నొక్కితే తప్ప రికార్డరు మొదలవకూడదని ఆ కంపెనీతో మార్పించాం. నా షీటులో రెండు కొత్త గడులు చేర్చాను, ఇప్పటికీ ప్రతి సైటుకీ నింపుతాను. రెండోసారి తెరిస్తే ఏమవుతోంది అన్నది ఒకటి. అడుగుతున్నది దీనికి నిజంగా అవసరమా అన్నది రెండోది. కొత్తగా చేరిన పిల్లలు మొదటిసారి ప్రశ్న వచ్చింది మేడమ్, పాస్ అంటే, నేను వాళ్ళని ఆ బటన్ ఎవరు నొక్కారు, ఏం అనుకుని నొక్కారు అని అడుగుతాను. ఒక మంచి గడియలో, నలుగురి ముందు, మొహమాటానికి అన్న 'సరే'ని యంత్రం జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది. మనిషికి ఆ సాయంత్రానికే గుర్తుండదు. ఆ రెండింటి మధ్య నిలబడటమే నా ఉద్యోగమని కామేశ్వరి గారి గదిలో నాకు తెలిసింది.

శ్రావణం వెళ్ళింది, దసరా కూడా వెళ్ళింది. ఆ సినిమా ఆగే ఉంది. కార్తీకంలో ఒక మధ్యాహ్నం మూడింటికి నేను రత్నం గారి ఆఫీసులో ఉండగా జాబితాలో కొత్త శాంపిల్ పడింది. ఈసారి పేరుంది: కామేశ్వరి. లావణ్య నొక్కింది.

తెర నల్లగా ఉంది. ముందు ఫ్యాను చప్పుడు, ప్రతి చుట్టుకీ ఒక టిక్కు. ఆ తర్వాత ఒక చిన్న దగ్గు. ఆ తర్వాత గొంతు వచ్చింది. పద్దెనిమిదేళ్ళ పిల్లది కాదు. అంచులు గరుకెక్కి, ఇంకా కిందికి దిగి, ఎక్కడో పగిలి మళ్ళీ అతుక్కున్న గొంతు. వెళ్ళేవాడివి దీపం ఆర్పేసి వెళ్ళు, అంది.

రత్నం గారు కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. ఆయన నోట్‌బుక్‌లో కామేశ్వరి గారి పేరు ఎదురుగా ఏ పాత్రలకి పనికొస్తారో రాసుకునే చోట 'హీరోయిన్లు' అని ఉంటుంది. దాన్ని కొట్టేశారు. పెన్ను కాసేపు గాల్లో ఆపి, 'అన్నీ' అని రాశారు.

నేను తెర వైపు ఇంకోసారి చూశాను. గొంతు వస్తోంది, బొమ్మ రావడం లేదు. షీటు తీసి పాస్ అని రాశాను.